మొక్కల బండిలో పడక: టాటా ఏస్‌లో క్యాంపింగ్ సామాను సర్దిన డైరీ

అక్టోబర్ 13, 2024, ఆదివారం

నిన్న దసరాకి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించాం. ఇవాళ బాడీ ఖాళీగా, శుభ్రంగా ఉంది కాబట్టి టేపు పట్టుకుని ఎక్కాను. బండి 2021 మోడల్ టాటా ఏస్ గోల్డ్, పెట్రోల్. లోపల పొడవు 7 అడుగుల 2½ అంగుళాలు, వెడల్పు 4 అడుగుల 10½ అంగుళాలు, పక్క రేకుల ఎత్తు అడుగుకి చిటికెడు తక్కువ. చక్రాలు 12 అంగుళాలవే, అవి బాడీ కిందే ఉండిపోతాయి కాబట్టి పైన ఎక్కడా ఉబ్బు లేదు, మూల నుంచి మూలకి చదును. నేను 5 అడుగుల 9 అంగుళాలు. చాప వేసుకుని పడుకుని చూశాను, కాళ్లు చాపినా తల దగ్గర ఇంకా జానెడు పైనే మిగిలింది. అంటే పడకకి చోటుంది, సామానుకి చోటు కావాలి, రెండూ ఒకేచోట ఉండాలి. ఈ ప్రాజెక్టంతా ఇదే.

ఎందుకు చేస్తున్నానో రాసి పెట్టుకుంటాను. మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. వారంలో ఆరు రోజులు ఈ బండి మొక్కలు మోస్తుంది, దాని మీదే ఇల్లు నడుస్తుంది. మొక్కలు దింపడానికి గోకవరం దాటి రంపచోడవరం వైపు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ప్రతిసారీ సాయంత్రం నాలుగింటికి ఆ కొండల వైపు చూసి బండి తిప్పేసుకుని వచ్చేయడమే. ఒక్క రాత్రి అక్కడే ఉండిపోవాలని చాలా ఏళ్లుగా ఉంది. లాడ్జిలో కాకుండా ఈ బండిలోనే ఉండాలి, నాన్నగారిని తీసుకెళ్లాలి. ఆయనకి 68. ముందు సీట్లో డ్రైవరు కాక ఇంకొక్కరికే చోటు కాబట్టి మేమిద్దరమే.

షరతు ఒకటే పెట్టుకున్నాను: బండికి ఏదీ వెల్డింగు చేయించకూడదు, బాడీకి ఒక్క కన్నం కూడా వేయకూడదు. సోమవారం పొద్దున్న ఆరింటికి ఇది మళ్లీ మొక్కల బండి అయిపోవాలి. ఇంకో సంగతి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సరుకు బండి సరుకు బండిలాగే ఉండాలి. కాబట్టి నేను పెట్టేదంతా సరుకే, ఎక్కించడం దించడం అంతే.

అక్టోబర్ 20, ఆదివారం

మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే. ఇనుప ఫ్రేము, దాని మీద ప్లైవుడ్, కింద సొరుగులు. వెల్డింగు మేస్త్రీని పిలిచి అడిగాను. కొలతలు తీసుకుని, "అరంగుళం చతురస్రం పైపు సరిపోదు బాబాయ్, ముప్పావు వెయ్యాలి, సొరుగులకి రోలర్లు వెయ్యాలి" అంటూ లెక్క చెప్పాడు. ఆయన లెక్క న్యాయమైనదే. కానీ ఆ ఫ్రేము దించాలంటే నలుగురు మనుషులు కావాలి, దించాక పెట్టడానికి షెడ్డులో చోటు కావాలి. ప్రతి శనివారం ఎక్కించి ప్రతి ఆదివారం రాత్రి దించే వస్తువు నేనొక్కడినే ఎత్తగలిగేలా ఉండాలి. మేస్త్రీకి టీ ఇచ్చి, ఆలోచించి చెబుతానని పంపేశాను.

అక్టోబర్ 22, మంగళవారం

ఇవాళ దొరికింది! షెడ్డులో బంతి నారు సర్దుతుంటే టమాటా క్రేటు కాలికి తగిలింది. మార్కెట్లో కనిపించే మామూలు ప్లాస్టిక్ క్రేటే, మొక్కల కవర్లు నిలబెట్టి పంపడానికి మా దగ్గర నలభై దాకా ఉన్నాయి. కొలిచాను. పొడవు 54 సెంటీమీటర్లు, వెడల్పు 36, ఎత్తు 29.

బండి లోపలి పొడవు 220 సెంటీమీటర్లు. నాలుగు క్రేట్లు పొడవునా పెడితే 216. వెడల్పు 149, నాలుగు క్రేట్లు అడ్డంగా పెడితే 144. ఎత్తు పక్క రేకుతో దాదాపు సమానం. వెంటనే పదహారు క్రేట్లు మోసుకెళ్లి పేర్చాను, బండి నిండా గళ్లు గళ్లుగా అతికినట్టు కూర్చున్నాయి. మూడేళ్లుగా ఇవే క్రేట్లు ఇదే బండిలో ఎక్కిస్తున్నాం, కానీ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లం కాబట్టి అడుగు వరుస ఇలా సరిగ్గా కూర్చుంటుందని గమనించనేలేదు.

ఇక ఫ్రేము అక్కర్లేదు. క్రేటే ఫ్రేము, క్రేటే సొరుగు. పైన ప్లైవుడ్ వేస్తే మంచం.

అక్టోబర్ 27, ఆదివారం

పదహారూ పెడితే బండంతా మంచమే అవుతుంది, నిలబడటానికి అడుగు పెట్టే చోటుండదు. అందుకని ఎడమ వైపు వరుస తీసేశాను. మూడు వరుసలు, వరుసకి నాలుగు, మొత్తం పన్నెండు క్రేట్లు. ఎడమ వైపు పొడవునా సందు మిగిలింది. నీళ్ల క్యాన్లు, గ్యాస్, చెప్పులు, పార, తాళ్లు అన్నీ ఆ సందులోకే. ఎడమ వైపే ఎందుకంటే, రోడ్డు పక్కన ఆపినప్పుడు మట్టి వైపు నిలబడి పక్క రేకు మీదుగా చెయ్యి చాపితే క్యాను అందుతుంది, లారీలు పోయే వైపు నిలబడక్కర్లేదు. రోడ్డు మీద బతికేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చాను, 8 అడుగులకి 4 అడుగులు. పొడవు 7 అడుగుల అంగుళానికి, వెడల్పు 3 అడుగుల 9 అంగుళాలకి కోయించి, మోయడానికి వీలుగా మూడు ముక్కలు చేయించాను. ఒక్కోటీ సుమారు 28 అంగుళాలు. ఇంటికి తెచ్చి వేశాక తప్పు తెలిసింది. క్రేట్లు నాలుగు, పలకలు మూడు. అతుకులు క్రేట్ల మధ్యలో పడ్డాయి. రెండో క్రేటు తెరవాలంటే రెండు పలకలు ఎత్తాలి. రాత్రిపూట టార్చి కోసం రెండు పలకలు ఎత్తడం కుదరని పని.

కొత్త షీటు కొనడానికి మనసొప్పలేదు. కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో 28 అంగుళాల ముక్క నుంచి క్రేటు పొడవుకి సరిపడా 21 పైచిలుకు కోస్తే 7 మిగులుతుంది. అలాంటి 7లు మూడు కలిపితే మళ్లీ 21. అంటే నాలుగో పలక ఆ మూడు ముక్కలతోనే వస్తుంది. వెడల్పులో తీసేసిన మూడంగుళాల బద్ద ఉంది కదా, దాన్ని ముక్కలు చేసి కింద అడ్డంగా మేకులు కొట్టి మూడింటినీ కలిపాను. మిగిలిన ముక్కల్ని పలకల అడుగున, క్రేటు అంచుకి లోపలగా తగిలేటట్టు బిగించాను. ఇప్పుడు పలక అటూ ఇటూ జరగదు, క్రేటుకి మూతలా కూర్చుంటుంది. చెక్క అంచులన్నీ ఉప్పుకాగితంతో రుద్ది రెండు చేతులు వార్నిష్ వేశాను.

నాలుగు పలకలు, నాలుగు అడ్డ వరుసలు. ఒక్కో పలక ఎత్తితే మూడు క్రేట్లు.

నవంబర్ 3, ఆదివారం

పైకప్పు. నేను ముప్పావు అంగుళం జీఐ పైపు వంచి నాలుగు కమ్మీలు చేయిద్దామనుకున్నాను. నాన్నగారు పొద్దున్నుంచి అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. పదకొండు గంటలకి లేచి వచ్చి, "పైపెందుకురా, గూడు బండికి పైపులు వేశామా?" అన్నారు.

ఆయన చిన్నప్పుడు మా ఇంట్లో గూడు బండి ఉండేది. శివరాత్రికి కోటిపల్లి తీర్థానికి దాంట్లోనే వెళ్లేవారట. కింద గడ్డి పరిచి, దాని మీద బొంత, పైన వెదురు బద్దల గూడు, దాని మీద చాప. వంట సామాను బండి కింద వేలాడే ఉట్టిలో. ఎద్దులకి గడ్డి వెనక కట్టేవారు. రాత్రికి ఎద్దుల్ని విప్పేసి, కాడి కింద ఊతకర్ర పెట్టి బండిని మట్టంగా నిలబెట్టి, ఆడవాళ్లూ పిల్లలూ బండిలో, మగవాళ్లు బండి కింద పడుకునేవారు. ఈ మాటలు ఇంతకుముందు విన్నవే, కానీ ఈసారి టేపు చేతిలో ఉంచుకుని విన్నాను. గూడు ఎంత ఎత్తు? కూర్చుంటే తలపాగా తగలనంత. బద్దకీ బద్దకీ దూరం? మూర. వంచిన బద్దలు ఊడిరాకుండా ఏం చేసేవారు? పొడవునా బద్దలు పరిచి పురికొసతో కట్టేవారు.

సాయంత్రం పచ్చి వెదురు రెండు తెచ్చాం. ఆయన కత్తితో చీల్చారు, నేను పట్టుకున్నాను. తొమ్మిదిన్నర అడుగుల బద్దలు నాలుగు. కణుపుల దగ్గర లోపలి వైపు చెక్కితే తప్ప సమంగా వంగదు, వంచేటప్పుడు పైతొక్క బయట వైపు ఉండాలి, లోపల పెడితే పీచు లేచి విరుగుతుంది. ఇవి ఆయన చెప్పకపోతే నాకు తెలిసేవి కావు. సన్నటి సెగ చూపిస్తూ కొద్దికొద్దిగా వంచి, రెండు కొసలూ తాడుతో బిగించి విల్లులా చేసి షెడ్డు గోడకి ఆనించాం. నీడనే ఆరాలి.

నవంబర్ 7, గురువారం

బద్దలు నిలబెట్టడానికి జానెడు పైపు ముక్కలు ఎనిమిది కోయించాను. వాటిని పక్క రేకుకి సీ-క్లాంపులతో పట్టించాను. రేకుకీ క్లాంపుకీ మధ్య పాత ట్యూబు ముక్క పెట్టాలి, లేకపోతే పెయింటు గీసుకుపోయి ఆ చోట తుప్పు మొదలవుతుంది. ఎనిమిది క్లాంపులు బిగించడానికి పది నిమిషాలు, విప్పడానికి ఐదు.

నిన్న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వచ్చింది. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపొచ్చని, విడిగా ట్రాన్స్‌పోర్టు రాత అక్కర్లేదని. మా తమ్ముడికి కారు లైసెన్సే ఉంది. ఎప్పుడైనా వాడు నడపాల్సి వస్తే ఇన్సూరెన్సు మాటేమిటని ఇన్నాళ్లూ నాకు టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు తీరింది.

ఇదే చోట ఇంకో మాట కూడా రాస్తున్నాను. ఈ పడక బండి ఆగాకే. నడిచేటప్పుడు వెనక ఎవరూ కూర్చోకూడదు, పడుకోకూడదు. మా వైపు పెళ్లిళ్లకీ తీర్థాలకీ ఇలాంటి బండ్లలో జనాన్ని ఎక్కిస్తారు, చూసినప్పుడల్లా నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టు ఉంటుంది. అడుగెత్తు రేకు ఏ మనిషినీ ఆపలేదు.

నవంబర్ 10, ఆదివారం

బద్దలు ఆరాయి, గూడు నిలబడింది. 15 అడుగులకి 12 అడుగుల బరకం ఇంట్లోదే, ఏటా ధాన్యం మీద కప్పేది. 12 అడుగుల వైపు గూడు మీదుగా రెండు పక్కలా జారి రేకు కిందికి దిగుతుంది, కొక్కేలకి తాళ్లు కట్టొచ్చు. 15 అడుగుల వైపు బండి పొడవు పోగా ఎక్కువ భాగం వెనకే మిగిలేటట్టు జరిపితే, రెండు కర్రలు పాతి వెనక చిన్న పందిరి వేసుకోవచ్చు. దాని కింద వెనక డోరు గొలుసుల మీద వాలుతుంది కదా, అదే వంట బల్ల.

వాన పరీక్షకి వాన కోసం చూడక్కర్లేదు, నర్సరీలో పైపు ఉంది. అరగంట కొట్టాం. పక్కల నుంచి చుక్క రాలేదు. కానీ బద్దకీ బద్దకీ మధ్య బరకం సాగి గుంటలు పడి, ఒక్కో గుంటలో బిందెడు నీళ్లు నిలిచాయి. నాన్నగారు ఏమీ అనకుండా మిగిలిన వెదురు ముక్క తెచ్చి నాలుగు బద్దల నడినెత్తిన పొడవునా పెట్టి కట్టారు. ఇంటికి వెన్నుగాడి ఎలాగో దీనికి అది అలాగ. రెండు పక్కలా ఇంకో రెండు సన్నబద్దలు కట్టాం. మళ్లీ పైపు కొడితే నీళ్లు నిలవలేదు. పోయిన ఆదివారం మాటల్లో ఆయన ఇది చెప్పారు కూడా, పొడవు బద్దలు పరిచేవారని. అది చాప ఆనడానికే అనుకున్నాను, నీళ్లు జారడానికని ఇప్పుడు అర్థమైంది.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. దీపాలు వెలిగించాక, నర్సరీ ఆవరణలోనే బండిలో పడుకుని చూశాను. ఒక్కడినే.

మంచం బాగుంది. పలకల మీద రెండంగుళాల ఫోము, దాని మీద బొంత. క్రేట్లు కిర్రుమనలేదు. కానీ తెల్లవారుజామున మొహం మీద చుక్క పడి మెలకువ వచ్చింది. వాన లేదు. బరకం లోపలి వైపంతా చెమర్చి ఉంది. దోమలు రాకూడదని నాలుగు వైపులా మూసి కట్టేశాను కదా, నా ఊపిరిలోని తడే చల్లటి ప్లాస్టిక్‌కి తగిలి నీరైంది. బొంత పైభాగం తడిసింది. మూసేయడం తప్పు, గాలి తిరగాలి. ముందు వైపు క్యాబిన్ గోడకీ బరకానికీ మధ్య పైన జానెడు వదలాలి, వెనక పూర్తిగా తెరిచి ఉంచాలి. దోమల పని దోమతెరే చూసుకోవాలి. తెరని వెన్నుగాడికి నాలుగు చోట్ల కట్టి, అంచులు ఫోము కిందికి మడిచేస్తే సరి. ఏజెన్సీ వైపు మలేరియా మాటలు చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం, అక్కడ దోమతెర లేకుండా నిద్ర అనే ప్రశ్నే లేదు.

నవంబర్ 17, ఆదివారం

తెర కట్టి, ముందు వెనక గాలి వదిలి మళ్లీ పడుకున్నాను. బరకం పొడిగా ఉంది.

నవంబర్ 24, ఆదివారం

ఇవాళ సర్దుడు. ఈ డైరీలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టిన పని ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను.

బరువు సమస్య కాదు. ఏస్ 750 కిలోలు మోస్తుంది. మన సామానంతా, నీళ్లతో సహా, కాటా మీద తూచితే 210 కిలోలు చూపించింది. సమస్య దానికి తిరగబడి ఉంది: బరువు తక్కువ కావడమే. వెనక కమాన్లు లోడు మోయడానికి చేసినవి, లోడు ఉంటే మెత్తగా వెళ్తుంది, ఖాళీగా ఉంటే ప్రతి గుంతకీ ఎగిరి పడుతుంది. మొక్కలతో వెళ్లేటప్పుడు, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తేడా నడుముకే తెలుస్తుంది. ఇలాంటి బండిలో ఇంట్లో సర్దినట్టు సర్దితే ఏదీ మిగలదు. మొదటిసారి సామానంతా పెట్టి కడియపులంక దాకా వెళ్లొచ్చి తెరిస్తే, ఉప్పు డబ్బా మూత ఊడి కాఫీ పొడిలో కలిసింది, గుడ్లు మూడు పగిలాయి, స్టీలు గిన్నెలు ఒకదానికొకటి రాసుకుని నల్లటి పొడి రాల్చాయి.

అందుకని నియమాలు మార్చాను. ఏ క్రేటులోనూ ఖాళీ ఉండకూడదు. గిన్నెకీ గిన్నెకీ మధ్య తువ్వాలు, లేదా లుంగీ. బట్టలకి వేరే సంచి అక్కర్లేదు, బట్టలే ప్యాకింగ్. డబ్బాలన్నీ మర మూతవే. గుడ్లు ఊకలో, మా అమ్మ దాచినట్టే. క్రేట్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా మధ్యలో గోనెపట్టాలు, పొడవులో మిగిలిన నాలుగు సెంటీమీటర్లలోకి చుట్టిన గోనెసంచి గట్టిగా దూర్చాను. పైన పలకలు ఎగరకుండా సైకిలు ట్యూబు కోసి చేసిన పట్టీలు, ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి. తాడు అయితే కుదుపులకి వదులవుతుంది, ట్యూబు పట్టు వదలదు.

ఇక ఏది ఎక్కడ అంటే. క్యాబిన్ పక్క వరుస బరువైనవి: జాకీ, స్పానర్లు, గాలి పంపు, బియ్యం, కొబ్బరి కాయలు. రెండో వరుస రాత్రికి గానీ అక్కర్లేనివి: దుప్పట్లు, దోమతెర, స్వెట్టర్లు, నాన్నగారి మంకీ క్యాప్. మూడో వరుసలో లైటు, బ్యాటరీ, మందుల డబ్బా, టార్చి, తాళ్లు. వెనక డోరు పక్క వరుస వంటిల్లు: ఒక క్రేటులో గిన్నెలు, ఒకదాంట్లో పోపుల డబ్బా, పప్పులు, ఊరగాయ, మూడోదాంట్లో కూరగాయలు. డోరు దించితే నిలబడి చేతికి అందేవి ఈ మూడే, అందుకే వంట ఇక్కడ. మందుల డబ్బా మొదట ముందు వరుసలో పెట్టాను, తర్వాత ఆలోచించి మార్చాను. నాన్నగారి బీపీ మాత్రలైతే క్యాబిన్‌లో డ్యాష్‌బోర్డు అరలోనే.

నీళ్లు రెండు 20 లీటర్ల క్యాన్లు, అంటే 40 కిలోలు. ఇవి మొదట వెనక పెట్టి చూశాను, వీలుగా ఉంటుందని. గుంతలకి వెనక కొస అన్నిటికన్నా ఎక్కువ ఎగురుతుంది కాబట్టి క్యాన్లు గంతులు వేశాయి. క్యాబిన్ గోడకి ఆనించి ట్యూబుతో బిగించాక కదల్లేదు. మూత నొక్కి పెట్టే క్యాన్లు వద్దు, మర బిగించేవే.

గ్యాస్ గురించి జాగ్రత్తగా రాస్తున్నాను. 5 కిలోల చిన్న సిలిండరు, సందులో వెనక కొసకి, నిటారుగా, రేకుకి కట్టి. నడిచేటప్పుడు రెగ్యులేటరు తీసేసి మూత పెట్టి ఉంచాలి. ఆగాక సిలిండరు కిందికి దించేస్తాను, నేల మీదే ఉంటుంది, పొయ్యి మాత్రం డోరు మీద. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, కిందికి జారి నిలుస్తుంది. మన బాడీ నాలుగు వైపులా అడుగెత్తు రేకులున్న తొట్టిలాంటిది. దాంట్లో గ్యాస్ నిలిచి, పైన మనుషులు నిద్రపోతుంటే... ఆ మాట కూడా రాయబుద్ధి కావడం లేదు. రాత్రికి సిలిండరు బండికి పది అడుగుల దూరంలో.

లైటుకి బండి బ్యాటరీ ముట్టుకోలేదు, పొద్దున్న స్టార్టు కాకపోతే అడవి దారిలో ఎవరిని పిలుస్తాం. వేరే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. లెక్కకి 84 వాట్-అవర్లు, ఇలాంటి బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే 42. ఆరు వాట్ల ఎల్‌ఈడీ ఏడు గంటలు వెలుగుతుంది. చాలు. వైరుకి ఫ్యూజు పెట్టాను.

డిసెంబర్ 8, ఆదివారం

వెళ్లేది వచ్చే శనివారం. అడవిలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి పడుకోవడానికి లేదు, అటవీశాఖ అనుమతి ఉండాలి, పైగా ఎండుటాకుల్లో పొయ్యి వెలిగించడం మనకి తగదు. మా దగ్గర మొక్కలు కొనే రైతు ఒకాయనకి రంపచోడవరం ఇవతల జీడిమామిడి తోట ఉంది. ఫోన్ చేస్తే, "తోటలో పడుకుంటానంటే నేనేమంటానండీ, బోరు ఉంది, రండి" అన్నారు. ఎక్కడ నిలపాలో ముందే అడిగి పెట్టుకోవడం నాకు ధైర్యంగా ఉంది.

గూడు ఎత్తి ఉంచి బండి నడిపి చూశాను. 40 దాటేసరికి బరకం గాలికి పొంగి కొట్టుకోవడం మొదలుపెట్టింది, క్లాంపు ఒకటి జారింది. కాబట్టి నడిచేటప్పుడు గూడు ఉండదు. బద్దలు పలకల మీద చదునుగా పరిచి, బరకం మడిచి పైన వేసి, మా మొక్కల గ్రీన్ నెట్టు దాని మీద బిగించి కట్టాలి. పచ్చి వెదురు ఆరాక వంపు నిలుపుకుంది గానీ ఒక బద్ద సగం తెరుచుకుంది, దానికి తాడు కట్టే ఉంచుతున్నాను.

డిసెంబర్ 15, ఆదివారం, రాత్రి

ఇప్పుడే ఇల్లు చేరాం.

నిన్న మధ్యాహ్నం బయలుదేరాం. రాజమండ్రి, కోరుకొండ, గోకవరం. గోకవరంలో టీ తాగి పట్టీలు చూశాను, ఒకటే వదులైంది. అక్కడి నుంచి కొండలు దగ్గరవుతాయి. రెండు సిలిండర్ల 694 సీసీ ఇంజిను, ఎత్తులకి సెకండ్ గేరులో నిదానంగా ఎక్కుతుంది, 210 కిలోలు దానికి బరువే కాదు. నాన్నగారు దారి పొడుగునా చెట్ల పేర్లు చెబుతూనే ఉన్నారు.

తోట చేరేసరికి ఐదు దాటింది. గూడు నిలబెట్టడానికి ఇంటి దగ్గర పాతిక నిమిషాలు పట్టేది, ఇక్కడ నలభై పట్టింది. నేల వాలుగా ఉంది, అది నేను ఇంట్లో ఎప్పుడూ లెక్క వేయలేదు. నర్సరీ ఆవరణ చదును కదా. తల కిందికీ కాళ్లు పైకీ అయ్యేలా ఉంటే నాన్నగారు రెండు రాళ్లు తెచ్చి వెనక చక్రాల ముందు పెట్టి, "ఎక్కించు" అన్నారు. చిన్న చక్రాలు, నాలుగంగుళాల రాయికే మట్టం వచ్చింది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డం పెట్టి, నీళ్ల గ్లాసు పలక మీద పెట్టి చూశాం. సామాన్లలో రెండు చెక్క దిమ్మలు చేర్చాలి.

అన్నం, టమాటా పప్పు, వడియాలు. డోరు మీద వంట చేస్తుంటే పైన బరకం పందిరి, లోపల దీపం. తోట రైతు వచ్చి కాసేపు కూర్చున్నారు. గూడు చూసి చెయ్యి వేసి ఊపి, "ఎవరు వంచారండీ?" అని అడిగారు. నాన్నగారు సమాధానం చెప్పకుండా నా వైపు చూశారు. నేను చెప్పాను.

రాత్రి చలి గట్టిగానే ఉంది. రెండడుగుల లోపు వెడల్పులో ఒక్కొక్కరం, ఇరుకే, ఆయన పక్కకి తిరిగినప్పుడల్లా నాకు తెలిసింది. బరకం పొడిగా ఉంది, దోమ ఒక్కటి లోపలికి రాలేదు. తొమ్మిదింటికే దీపం ఆర్పేశాం. చీకట్లో ఆయన వాళ్ల నాన్న గురించి చెప్పారు, గోదావరి గట్టున బండి కింద పడుకుని తనకి నక్షత్రాలు చూపించేవారని. నాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి అందులో. అవి ఈ డైరీలో రాసేవి కావు, వేరే రాసుకున్నాను.

లోపాలు: రాత్రి లేచినప్పుడు దిగడానికి వెనక ఏమీ లేదు, ఆయన వయసుకి ఆ ఎత్తు నుంచి చీకట్లో దూకడం ప్రమాదం. నేను దిగి చెయ్యి పట్టుకున్నాను. వచ్చేసారి ఖాళీ క్రేటు ఒకటి బోర్లా వేసి మెట్టుగా కట్టాలి, పదమూడో క్రేటు. చెప్పులకి చోటు కుదరలేదు, మంచుకి తడిశాయి. కూరగాయల క్రేటు వెనక వరుసలో ఎగ్జాస్టు వైపు కాకుండా ఎడమకి మార్చాలి. బ్యాటరీకి ఇంకా సత్తువ మిగిలింది.

డిసెంబర్ 16, సోమవారం

పొద్దున్న నాలుగున్నరకి లేచి విప్పాను. క్లాంపులు, పైపు ముక్కలు ఒక బకెట్లో. పలకలు గోడకి. బద్దలు షెడ్డు వాసానికి. పన్నెండు క్రేట్లు కడిగి బోర్లించి, ఆరింటికల్లా అవే క్రేట్లలో చామంతి కుండీలు పెట్టి ఎక్కించాం. విప్పడం వరకైతే మొత్తం ఇరవై రెండు నిమిషాలు, నేనొక్కడినే. బాడీలో ఎక్కడా గీత లేదు, ఒక్క చోట ట్యూబు ముక్క జరిగి పెయింటు చిన్నగా లేచింది, అక్కడ టచప్ చేశాను.

బయలుదేరుతుంటే నాన్నగారు గేటు దగ్గరికి వచ్చి, శివరాత్రి ఎప్పుడో క్యాలెండర్ చూడమన్నారు. ఫిబ్రవరి 26, బుధవారం. కోటిపల్లి. ఆ రోజు మొక్కల ట్రిప్పు ఉండకుండా చూసుకోవాలి. అప్పటికి వెనక వైపుకి ఒక తెర కుట్టించాలి, రేవు దగ్గర గాలి గోదావరి మీద నుంచి తిన్నగా వచ్చి కొడుతుందట, బండి నిలిపేటప్పుడు మొహం ఎటు పెట్టాలో ఆయన చూపిస్తానన్నారు.